పొదుపు సంఘంతో పెరటి కోళ్లు: మొదటి మీటింగు నుంచి సంక్రాంతి అమ్మకం దాకా

నెల్లూరు జిల్లాలో ఉదయగిరి, వింజమూరు, కలిగిరి వైపు మెట్ట ఊళ్లలో ఏ ఇంటి ముందు చూసినా నాలుగు కోళ్లు గెలుకుతూ కనిపిస్తాయి. పక్కన బోర్లించిన గంప, గంప మీద బరువుకి ఒక రాయి. కోళ్లు పెంచడం ఈ ఆడవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. అయినా పొదుపు సంఘం మీటింగులో కోళ్ల మాటెత్తితే ముందు వచ్చే జవాబు ఒకటే: "కొక్కెర వస్తే ఒక్కటీ మిగల్దు అమ్మణ్ణీ, మాకొద్దు."

కొక్కెర అంటే కోళ్లని గుంపులుగా చంపే తెగులు. ఆ భయం నిజమైనదే. ఈ మార్గదర్శి మొత్తం దాని చుట్టూనే రాశాను. సంఘాలకి అండగా నిలిచే గ్రామ సమాఖ్య లీడర్లు, సీసీలు (సంఘాల్ని చూసుకునే కమ్యూనిటీ కోఆర్డినేటర్లు), పశు సఖులు (పశువుల సంరక్షణలో శిక్షణ పొందిన ఊరి ఆడవాళ్లు), స్వచ్ఛంద సంస్థల వాళ్ల కోసం ఇది.

ముందే ఒక మాట. సంఘం పేరుతో ఒక పెద్ద షెడ్డు కట్టి, అందరి కోళ్లూ అందులో వేసి, వంతులవారీగా చూసుకుందాం అనే ఆలోచన చాలామందికి వస్తుంది. దయచేసి వద్దు. ఆదివారం ఎవరి వంతు, చచ్చిన కోడి ఎవరిది, దాణా ఎవరు తక్కువ వేశారు అనే గొడవల్లో కోళ్లకంటే ముందు సంఘం విరిగిపోతుంది. కోళ్లు ఎవరివి వాళ్ల ఇంట్లోనే ఉండాలి. మూడు పనులు మాత్రం కలిసి చేయాలి: చిన్న కోడిపిల్లల్ని ఆరు వారాలు సాకడం, టీకాలు, అమ్మకం. ఒంటరి ఇల్లు చేయలేనివి ఈ మూడే.

మన జిల్లాకి ఇలా కలిసి నడవడం కొత్త కాదు. కలిగిరి మండలం దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమంతో 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సారాకి పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకుంటూ నెల్లూరు ఆడవాళ్లు పొదుపు లక్ష్మి సంఘాలు నడిపారు. ఆ రూపాయిని కూడబెట్టిన ఓపికే ఇక్కడా కావాలి.

1. ముందు ఊరంతా తిరిగి లెక్క రాయండి

మీటింగు పెట్టక ముందు రెండు రోజులు ఇల్లిల్లూ తిరగండి. ప్రతి ఇంట్లో నాలుగే ప్రశ్నలు. ఇప్పుడు ఎన్ని కోళ్లున్నాయి? పోయిన ఏడాది ఎన్ని పోయాయి? ఏ నెలలో పోయాయి? దేనివల్ల పోయాయి: తెగులా, ముంగిసా, గద్దా, కుక్కా? ఈ కాగితం చేతిలో ఉంటే మీటింగు తీరే మారిపోతుంది. చాలా ఊళ్లలో ఎండాకాలం మొదట్లో పదిహేను రోజుల్లోనే సగం కోళ్లు పోయిన సంగతి బయటపడుతుంది. ఎవరికి వాళ్లు తమ ఇంటి దురదృష్టం అనుకుని ఊరుకున్నది ఊరందరి నష్టమని అప్పుడు తెలుస్తుంది.

పదిహేను, ఇరవై ఇళ్లతో మొదలుపెట్టండి. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉంటే టీకా రోజున పని తేలిక. ఇష్టం లేనివాళ్లని బతిమాలొద్దు, రెండో విడతకి వాళ్లే వస్తారు. భూమి లేనివాళ్లు, ఒంటరి ఆడవాళ్లు, ఊరి చివర యానాదుల ఇళ్లు లిస్టులో ఉన్నాయో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. సంఘంలో సభ్యత్వం లేదన్న సాకుతో వీళ్ల పేర్లు మొదట ఎగిరిపోతాయి. నిజానికి రోజంతా కోడిని కనిపెట్టుకుని ఉండే ఓపిక నేను ఎక్కువగా చూసింది ఈ ఇళ్లలోనే.

పక్కింటి గొడవ గురించి కూడా మొదటి రోజే మాట్లాడండి. విత్తనాలు చల్లిన వారం, కల్లంలో మినుము ఆరబోసిన రోజుల్లో కోళ్లని మధ్యాహ్నం దాకా గూట్లోనే ఉంచాలని తీర్మానం రాసి, అందరితో సంతకాలు పెట్టించండి. ఈ ఒక్క కాగితం లేక కొట్లాటలైన ఊళ్లున్నాయి.

2. ఏ జాతి?

మన నాటుకోడి బాగా పొదుగుతుంది, గద్ద నీడ పడగానే పిల్లల్ని దాచుకుంటుంది, రుచికి పేరుంది. కానీ ఏడాదికి పెట్టే గుడ్లు అరవై, డెబ్భై దాటవు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలు తయారుచేసింది. వనరాజా మాంసానికీ గుడ్డుకీ రెండిటికీ పనికొస్తుంది. పెరట్లో ఏడాదికి వంద, నూటపది గుడ్లు పెడుతుంది. గ్రామప్రియ గుడ్ల జాతి, బాగా చూసుకుంటే 160 దాకా వస్తాయి. రంగు ఈకలు, గోధుమరంగు గుడ్లు కాబట్టి కొనేవాళ్లు వంక పెట్టరు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఈ మెరుగు జాతి పెట్టలు పొదుగుకి కూర్చోవు. పోనీ వాటి గుడ్లని నాటుకోడి కింద పెట్టి పొదిగించినా, ఆ పిల్లలకి తల్లిలో ఉన్న గుడ్ల దిగుబడి పూర్తిగా రాదు. కాబట్టి పిల్లల్ని మళ్లీ మళ్లీ కొనాల్సిందే. ఈ సంగతి దాచిపెట్టి పిల్లల్ని పంచేస్తే రెండో ఏడాది మీ మాట ఎవరూ నమ్మరు. నా సలహా: ఇంటికి పది మెరుగు జాతి పిల్లలు ఇవ్వండి, ఇంట్లో ఉన్న రెండు నాటు పెట్టల్ని మాత్రం అమ్మనీయకండి.

పిల్లల కోసం దర్శి, నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రాల్లోనూ, మండల పశువైద్యశాలలోనూ వాకబు చేయండి. రెండు మూడు నెలల ముందే ఆర్డరు పెట్టాలి. ఎవరైనా వచ్చి "మీరు పెంచండి, అంతా మేమే కొంటాం" అని అడ్వాన్సు అడిగితే ఆగండి. ఈము పక్షుల రోజుల్లో ఇలాంటి మాటలు నమ్మి మన రైతులు ఎంత పోగొట్టుకున్నారో ఊరి పెద్దలకి గుర్తుంటుంది.

3. తల్లి షెడ్డు

ఒక రోజు వయసు పిల్లని నేరుగా ఇళ్లకి పంచకూడదు. చలికి, పిల్లికి, కాకికి నెల తిరిగేలోపు చాలావరకు పోతాయి. సంఘంలో ఒక సభ్యురాలు పిల్లల్ని ఆరు వారాలు సాకి, ఆ తర్వాత మిగతావాళ్లకి అమ్ముతుంది. దీన్నే తల్లి షెడ్డు, మదర్ యూనిట్ అంటారు. ఈ పని ఆమె సొంత వ్యాపారంగా ఉండాలి. సంఘం అప్పు ఇస్తుంది, ధర ముందే తీర్మానిస్తుంది, కొంటామని మాట ఇస్తుంది, అంతే.

రెండు వందల పిల్లలకి 150 చదరపు అడుగుల గది సరిపోతుంది. కొత్తగా కట్టక్కర్లేదు. వాడకం లేని వసారా, పాత పశువుల కొట్టం, మూలపడ్డ పొగాకు బ్యారన్ (ఆకుని వేడితో ఆరబెట్టే గది) ఏదైనా పర్వాలేదు, గాలి ఆడాలి, పిల్లి దూరకూడదు. కొత్తగా వేస్తే పొడవు వైపు తూర్పు పడమరలుగా వేయండి, ఎండ లోపలికి కొట్టదు. బ్యారన్ అయితే పాత పొగాకు చెత్త మొత్తం ఊడ్చి, గోడలకి సున్నం కొట్టి, వారం రోజులు ఆరబెట్టాలి.

లెక్క ఇలా వేయండి. ధరలు ఉదాహరణకే, మీ ఊరి ధరలు మీరు పెట్టుకోండి. ఒక రోజు పిల్ల 35 రూపాయలు, ఆరు వారాలకి కిలోన్నర దాణా 60, టీకాలు, కరెంటు, ఊక కలిపి 8. మొత్తం 103. రెండు వందల పిల్లలకి 20,600. ఇరవై పోయి 180 మిగిలాయనుకుందాం. ఒక్కోటి 140కి ఇస్తే 25,200 వస్తుంది, అంటే ఆమెకి 4,600 మిగులు. అదే యాభై పోతే చేతికొచ్చేది 21,000. ఆరు వారాల కష్టానికి 400 రూపాయలు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన బోర్డు మీద రాసి చూపించండి. మొదటి పది రోజులు రాత్రిళ్లు ఎందుకు మేలుకోవాలో అప్పుడు ఎవరూ అడగరు.

4. మొదటి పది రోజులు

నా సొంత అనుభవం చెప్తాను. మా మొదటి విడత పిల్లలు బస్సులో రావలసిన టైముకి రాక, పొద్దుపోయాక దిగాయి. గదిలో బల్బులు ముందే పెట్టించాం. కానీ అవి ఎల్‌ఈడీ బల్బులు. వెలుతురు బ్రహ్మాండంగా ఉంది, వేడి మాత్రం లేదు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. రాత్రి రెండింటికి వెళ్లి చూస్తే పిల్లలన్నీ ఒక మూలకి చేరి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, పసుపు పచ్చటి గుట్టలా ఉన్నాయి. పైనున్నవి కిచకిచలాడుతున్నాయి. చేత్తో విడదీస్తే అడుగున ఉన్నవి చప్పిడిగా, తడితడిగా, మెడలు వాలిపోయి కనిపించాయి. తెల్లవారేలోపు ముప్పై పోయాయి. అవి రోగంతో పోలేదు, ఊపిరాడక పోయాయి. ఆ రాత్రి ఇంకో సంఘానికి రాకూడదనే ఈ భాగం ఇంత వివరంగా రాస్తున్నాను.

పిల్లలు వచ్చే ముందు రోజే చేయాల్సిన పనులు: నేల మీద రెండు మూడు అంగుళాల మందాన పొడి ఊక పరవండి. దాని మీద పాత న్యూస్‌పేపర్లు. అడుగున్నర ఎత్తు అట్టలతోనో రేకుతోనో గుండ్రంగా కంచె కట్టండి, మూలలు ఉండకూడదు. వంద పిల్లలకి అయిదడుగుల వెడల్పు చాలు. మధ్యలో వేడినిచ్చే పాత రకం ఫిలమెంటు బల్బులు వేలాడదీయాలి, పిల్లకి రెండు వాట్లు లెక్క. అంటే వంద పిల్లలకి వంద వాట్ల బల్బులు రెండు. పిల్లలు దిగడానికి మూడు నాలుగు గంటల ముందే వెలిగించి, లోపల వెచ్చబడనివ్వండి. కరెంటు పోతే ఏం చేయాలో కూడా ముందే సిద్ధం చేసుకోవాలి. బొగ్గుల కుంపటి, దాని మీద చిల్లుల మట్టి మూకుడు. కుంపటి పెట్టినప్పుడు కిటికీ కొంచెం తెరిచి ఉంచండి, బొగ్గు పొగ పిల్లలకీ మనుషులకీ ప్రాణాంతకం.

మొదటి వారం వేడి 33 నుంచి 35 డిగ్రీలు ఉండాలి. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటరు లేదని టెన్షన్ పడొద్దు, పిల్లలే చెప్తాయి. బల్బు కింద గుంపుగా చేరి అరుస్తుంటే చలి. కంచె అంచులకి పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడెక్కువైంది. అంతా పరుచుకుని కొన్ని తింటూ, కొన్ని నిద్రపోతూ ఉంటే సరిగ్గా ఉంది. అన్నీ ఒకే పక్కకి జరిగితే ఎక్కడినుంచో చలిగాలి కొడుతోంది, గోనెసంచి కట్టండి.

పెట్టె తెరవగానే ఒక్కో పిల్ల ముక్కుని నీళ్లలో ముంచి వదలండి. మొదటి పూట నీళ్లలో కొంచెం బెల్లం, పేపరు మీద మొక్కజొన్న నూక. రెండో రోజు నుంచి పిల్లల దాణా. నీళ్ల గిన్నె చుట్టూ ఊక తడిస్తే అప్పటికప్పుడు తీసేసి పొడిది వేయండి. తడి ఊకలోనే రక్తపు పారుడు పుడుతుంది. రెట్టలో ఎరుపు కనిపిస్తే అదే రోజు పశువైద్యుడికి చెప్పండి. మందుంది, ఆలస్యమైతే మాత్రం పనిచేయదు.

5. టీకా: సంఘం లేకపోతే కుదరని పని

కొక్కెర తెగులుకి మందు లేదు, టీకా ఒక్కటే దారి. ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్ పేరుతో పుస్తకాల్లో రాణిఖేత్ అని రాసేది దీన్నే. ఆకుపచ్చ పారుడు, మూలుగు, నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ వంకర తిరిగిపోవడం, రెక్కలు కాళ్లు పడిపోవడం దీని గుర్తులు. ఒక ఇంట్లో మొదలైతే మూడు నాలుగు రోజుల్లో వీధంతా పాకుతుంది.

టీకా ఇన్నేళ్లుగా ఉన్నా మన ఇళ్లకి ఎందుకు రాలేదంటే, సీసాలో వంద, రెండు వందల డోసులుంటాయి. ఇంట్లో ఉన్నవి ఎనిమిది కోళ్లు. సీసా కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి, మిగిలింది పారేయాల్సిందే. ఎనిమిది కోళ్ల కోసం ఎవరూ సీసా తెప్పించరు. ఇరవై ఇళ్లు ఒకే రోజు, ఒకే గంటలో వేయించుకుంటే సీసాకి న్యాయం జరుగుతుంది, కోడికి పడే ఖర్చు చాలా తక్కువ. సంఘం వల్ల వచ్చే అసలు లాభం ఇదేనని నా నమ్మకం.

వరస ఇది. మారెక్స్ (కాళ్లు పడిపోయే తెగులు) టీకా మొదటి రోజే హేచరీలో, అంటే గుడ్లు పొదిగించే చోట వేస్తారు, వేశారో లేదో అడిగి బిల్లు మీద రాయించుకోండి. 5 నుంచి 7 రోజుల మధ్య లసోటా (చిన్నపిల్లలకి వేసే కొక్కెర టీకా), కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క. 14వ రోజు గంబోరో తెగులు టీకా చుక్క. నాలుగో వారం మళ్లీ లసోటా. ఆరేడు వారాలకి మశూచి టీకా. ఎనిమిదో వారం దాటాక ఆర్‌టూబీ (పెద్ద కోళ్లకి వేసే కొక్కెర టీకా), చర్మం కింద అర మిల్లీలీటరు సూది. ఆర్‌టూబీ చిన్నపిల్లలకి వేయకూడదు, వేస్తే టీకాయే తెగులు తెచ్చిపెడుతుంది. అప్పటికే నలతగా ఉన్న కోడికి ఏ టీకా వేయొద్దు. ఆ తర్వాత ఆరు నెలలకోసారి కొక్కెర టీకా మళ్లీ వేయాలి.

మెరుగు జాతికే కాదు, అదే రోజు వీధిలో ఉన్న ప్రతి నాటుకోడికీ, సంఘంలో లేని ఇంటి కోడికీ వేయండి. పక్కింట్లో టీకా లేని కోడి ఒక్కటున్నా తెగులు ఆ దారిన వస్తుంది. కోళ్లు గంపల్లో ఉండగానే, తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెడితే ఎండెక్కేలోపు అయిపోతుంది. పొద్దెక్కితే ఒక్కటీ దొరకదు.

టీకా ఎప్పుడూ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. పశువైద్యశాల నుంచి ఐసు ముక్కలు వేసిన థర్మోఫ్లాస్కులోనే తేవాలి. చేతిసంచిలో పెట్టుకుని బస్సులో తెచ్చిన టీకా వేసినా వేయకపోయినా ఒకటే. ఊళ్లో ఇద్దరు అమ్మాయిలకి చుక్కలు, సూదులు వేయడం నేర్పించమని రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుల్ని అడగండి. కోడికి ఇంత అని వాళ్లకి సంఘం చెల్లించాలి. ఉచితంగా చేసే పని రెండోసారికి ఆగిపోతుంది.

6. ఇంటికి చేరాక: గూడు, మేత

పిల్లలు ఇంటికి వచ్చే ముందే గూడు తయారై ఉండాలి. లేని ఇంటికి పిల్లలు ఇవ్వొద్దు, ఎంత మొహమాటమైనా సరే. నేల నుంచి రెండడుగుల ఎత్తున గుంజల మీద వెదురు బద్దలతోనో కర్రలతోనో కట్టాలి. కోడికి చదరపు అడుగు, అడుగున్నర చోటు. ముందు వైపు వల, తలుపు ఇంటి వాకిలి వైపు. పాము, ముంగిస వస్తే కోళ్ల అరుపు మనకి వినపడాలి. లోపల ఒక అడ్డకర్ర, గడ్డి వేసిన పాత బుట్ట ఒకటి చాలు.

మేత విషయంలో ఒకే మాట: పెరటి కోడి సగం తనే వెతుక్కుంటుంది, మిగతా సగం మనం పెట్టాలి. పొద్దున కొంచెం, సాయంత్రం గూటికి చేరే ముందు కొంచెం, కోడికి రోజుకి 40 నుంచి 50 గ్రాములు. సజ్జలు, జొన్నలు, నూకలు, తవుడు, కొంచెం వేరుశనగ చెక్క. చెక్క బూజు వాసన వస్తే పారేయండి, ఆ బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో ఎండుచేపలు చవకే, కానీ ఉప్పు వేసి ఎండబెట్టినవి పెట్టకండి, ఉప్పు ఎక్కువై కోళ్లు పోతాయి. గుడ్లు పెట్టే పెట్టలకి దంచిన గవ్వలు గానీ, ఆల్చిప్పలు గానీ వేయాలి.

మాంసకృత్తులకి చెదల కుండ బాగా పనికొస్తుంది. పాత కుండలో చిరిగిన గోనెముక్క, ఎండు పేడ, కాస్త గడ్డి కుక్కి నీళ్లు చిలకరించి, చెదలున్న చోట సాయంత్రం బోర్లించండి. మర్నాడు పొద్దున ఎత్తేసరికి గోనె మీద తెల్లగా పాకుతూ గుప్పెడు చెదలుంటాయి. కుండని కోడిపిల్లల మధ్య దులిపితే నిమిషంలో ఒక్కటీ మిగలదు. పైసా ఖర్చు లేదు.

పొగాకుకో మినుముకో మందు కొట్టిన రోజు, ఆ తర్వాత రెండు మూడు రోజులు కోళ్లని ఆ చేలల్లోకి పోనివ్వకండి. రోహిణి కార్తెలో నీడ, చల్లటి నీళ్లు రెండూ ఉండాలి. మధ్యాహ్నం మేత మానేసి పొద్దున, చీకటిపడే ముందు మాత్రమే పెట్టండి.

7. ఎప్పుడు దించాలి, ఎప్పుడు అమ్మాలి

పండగ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. సంక్రాంతికి, అందులోనూ కనుమ నాటికి పుంజు రెండు కిలోలు తూగాలంటే అయిదు నెలలు పైన పడుతుంది. కాబట్టి ఆగస్టు మొదటి వారంలో పిల్లల్ని దించాలి. సెప్టెంబరు సగానికి ఇళ్లకి చేరతాయి, ఆర్‌టూబీ అక్టోబరు మొదట్లో పడుతుంది. అక్టోబరు సగం దాటితే మన జిల్లాకి ఈశాన్య రుతుపవనం, తుఫాన్లు. ఆపాటికి పిల్లలు గూట్లో తడవకుండా నిలబడే వయసుకి వస్తాయి. కార్తీక మాసంలో ఎవరూ కోడి అడగరు, ఆ నెలలో అమ్ముదామని ప్లాన్ వేయకండి.

మారుబేరగాడు ఒక్కో ఇంటికి వచ్చి "చూపుకి" కొంటాడు. చేత్తో ఎత్తి చూసి ఒక ధర చెప్తాడు, డబ్బు అవసరమున్న ఇల్లు సరే అంటుంది. సంఘం తరఫున ఒక తూనిక కాటా కొనండి. ఫలానా రోజు, ఫలానా చోట, కిలో ఇంత అని బోర్డు పెట్టి, అందరి పుంజులూ ఒకేసారి అమ్మండి. నెల్లూరు, కావలి, ఒంగోలు హోటళ్లకి, నాటుకోడి షాపులకి పండగకి నెల ముందే ఫోను చేసి, ఎన్ని కిలోలు వస్తాయో చెప్పండి. పందేల కోసం ఎక్కువ ధర పెడతామనే వాళ్లు వస్తారు. కోడిపందెం నేరం, సంఘం పేరు అందులోకి రానివ్వొద్దు.

ఇంటి లెక్క కూడా నిజాయితీగా చెప్పండి. పది పిల్లలు 1,400కి తీసుకున్నారు. నాలుగు పుంజులు, నాలుగు పెట్టలు మిగిలాయి. అప్పటిదాకా మేత వెయ్యి. పుంజులు నాలుగూ రెండేసి కిలోలు, కిలో 300 అనుకుంటే 2,400. పెట్టుబడి వెనక్కి వచ్చేసింది. ఇక నాలుగు పెట్టలు ఏడాదిలో 480 గుడ్లు పెడితే, గుడ్డు పది రూపాయలకి 4,800. మేతకి 2,200 పోతే 2,600 మిగులు. దీంతో ఇల్లు గడవదు. పొదుపు కంతుకీ, పిల్లల నోటుపుస్తకాలకీ అక్కరకొస్తుంది, చేబదులు అడగకుండా కొన్ని వారాలు గడుస్తాయి. అందులో సగం గుడ్లు ఇంట్లో పిల్లలే తింటే దాన్ని నష్టంగా రాయకండి.

పెద్ద సబ్సిడీల మాట ఎవరో ఒకరు తెస్తారు. జాతీయ పశుసంపద మిషన్‌లో 50 శాతం, 25 లక్షల దాకా రాయితీ ఉన్న మాట నిజమే. అది కనీసం వెయ్యి తల్లి కోళ్లు, హేచరీ పెట్టేవాళ్లకి. రెండు మూడు విడతలు చేయి తిరిగాక ఆలోచించండి.

8. కోళ్లు ఒక్కసారిగా పోతే

2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగొట్ల, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో బర్డ్‌ఫ్లూ వచ్చింది. అందుకే ఈ నియమం మినిట్స్ పుస్తకంలో మొదటి పేజీలో ఉండాలి: ఒకటి రెండు రోజుల్లో ఒకే వీధిలో నాలుగైదు కోళ్లు చచ్చిపోతే అదే పూట 1962 నంబరుకో, పశువైద్యశాలకో ఫోను చేయాలి. చచ్చినవాటిని ఉత్త చేతులతో ముట్టకూడదు, కోసుకుని తినకూడదు, చెరువులో పారేయకూడదు. నమూనాలు తీసుకున్నాక లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడ్చాలి. మిగిలిన కోళ్లని ఆదరాబాదరా సంతకి తోలేయాలనిపిస్తుంది, తెగులు పక్క ఊరికి మోసుకుపోయేది అలాగే. బాగా ఉడికిన మాంసం, గుడ్డుతో భయం లేదని కూడా ఊళ్లో చాటించండి, లేకపోతే భయంతో రెండు నెలలు అమ్మకమే ఉండదు.

9. రెండో విడతకి ముందు

పుస్తకంలో ఇంటికో పేజీ: ఎన్ని తీసుకున్నారు, ఎన్ని పోయాయి, దేనివల్ల, ఎన్ని అమ్మారు, ఎన్ని తిన్నారు. చదువురాని ఇంట్లో గోడ మీద బొగ్గుగీతలైనా సరే. సంక్రాంతి అయ్యాక వారంలో మీటింగు పెట్టి అందరి పేజీలూ చదవండి. ఎక్కువ పోయిన ఇంటిని తప్పుపట్టడానికి కాదు, వాళ్ల గూటి దగ్గరికి అందరూ నడిచి వెళ్లి చూడ్డానికి. ఒక ఊళ్లో అలా వెళ్లి చూస్తే, తలుపు అడుగున రెండు వేళ్ల సందు కనిపించింది. ముంగిస ఆ సందులోంచే వస్తోంది. ఒక రేకు ముక్క కొట్టారు. ఆ తర్వాతే ఆ ఇంటికి మళ్లీ పది పిల్లలు రాశారు.